కీబోర్డు మోగి ఆగిపోయిన నా సాక్ష్యం

బాగైనవాళ్ళకే కాదు, బాగుకానివాళ్ళకూ దేవుడైన ప్రభువుకు స్తోత్రం.

ఆ ఆదివారం ఆరాధన ముగిసి బయటికి వచ్చాను. చిక్కడపల్లిలో మా మందిరం గుమ్మం దగ్గర విడిచిన చెప్పుల్లో పాదాలు పట్టలేదు. పొద్దున వేసుకొచ్చిన చెప్పులే. చేత్తో పట్టుకుని అశోక్‌నగర్ దాకా వట్టి కాళ్ళతో నడిచాను. తర్వాత మొహం కూడా ఉబ్బింది.

నారాయణగూడలో రక్తపరీక్ష, స్కానింగ్ చేయించాం. డాక్టర్ రిపోర్ట్ చూసి చెప్పారు: "అమ్మా, కిడ్నీలు రెండూ ఫెయిల్ అయినయి. డయాలసిస్ మొదలుపెట్టాలె."

"ప్రార్థన చేస్తే తగ్గుతదా డాక్టర్‌గారూ?"

"నాకు దేవుడి మీద నమ్మకం లేదమ్మా. మీరు చేసుకోండి. డయాలసిస్ మాత్రం మానొద్దు."

మా సంఘపెద్ద వచ్చి నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. డయాలసిస్ అయ్యాక చేసిన పరీక్షలో, కిడ్నీలు వడకట్టాల్సిన వ్యర్థం క్రియాటినిన్ తగ్గింది. మెషిన్ రక్తం శుభ్రం చేస్తే కొంత తగ్గుతుందని డాక్టర్ ముందే చెప్పారు. పెద్ద మాత్రం నాకు స్వస్థత కలిగిందని మైకులో ప్రకటించి, సాక్ష్యం చెప్పమని పిలిచారు.

"ప్రభువు నాతో ఉన్నడు. కానీ నాకు ఇంకా బాగుకాలేదు, డయాలసిస్‌కు..." అన్నాను. కీబోర్డు మోగింది. మా దగ్గర దాని అర్థం అందరికీ తెలుసు: చాలు, కూర్చో. చప్పట్లతో పాట అందుకున్నారు, సండే స్కూల్లో నేను పాటలు నేర్పిన పిల్లలతో సహా.

బయట పెద్ద అన్నారు: "రిపోర్ట్ మంచిగ వచ్చినంక చెప్దువు చెల్లె. కొత్తోళ్ళు డీలా పడతరు. జర నీ విశ్వాసం ఎట్లున్నదో కూడ చూసుకో."

"చూడకుండ నమ్మాలని మీరే కదన్నా చెప్పేది? ఇప్పుడు నన్ను రిపోర్ట్ అడుగుతున్నరేంది?"

ఆయన చెప్పులు వెతుక్కోవడంలో పడ్డారు.

తర్వాత, డయాలసిస్ సూదుల కోసం చేతిలో రక్తనాళాలు కలిపి పెట్టిన ఫిస్టులా మూసుకుపోయి మళ్ళీ ఆపరేషన్ అయింది. ఇస్తానన్న తమ్ముడి కిడ్నీ నాకు సరిపోలేదు. సంఘం నుంచి ఎవరూ ఆస్పత్రికి రాలేదు. పక్క మంచం మీది పాలమూరు మేస్త్రీ మాత్రం రోజూ ఆటపట్టించేవాడు: "ఏందక్కా, మీ దేవుడు ఇయ్యాల గూడ లీవేనా?" దేవుణ్ణి తిట్టని పూట లేదు ఆయనకు. వాళ్ళన్న కిడ్నీ సరిపోయింది, మార్పిడి ఆపరేషన్ అయి బాగై ఇంటికి వెళ్ళిపోయాడు. బాగుకావడమే విశ్వాసానికి రుజువైతే, ఆయన బాగుకావడం దేనికి రుజువు?

దేవుడున్నాడని చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. మేస్త్రీకి అదే చెప్పాను. కానీ దేవుడు జబ్బు తగ్గిస్తాడనే షరతు మీద నేను నమ్మలేదు. షరతే ఉంటే, ఫిస్టులా మూసుకుపోయిన రోజే నా నమ్మకం పోవాలి. పోలేదు. ఆయన మీద నాకు కోపముంది, ఆ కోపం కూడా ఆయనకే చెప్పుకుంటాను. లేడనుకున్నవాడితో ఎవరూ ఇంతగా పోట్లాడరు.

ఇప్పటికీ డయాలసిస్ నడుస్తోంది. ఆదివారం వెనక వరసలో కూర్చుంటాను. నన్ను మళ్ళీ మైకు దగ్గరికి పిలవలేదు.

తోటి రోగులకు ఒక్క మాట. మీకు నయమైందని ఎవరు ప్రకటించినా, మీ డాక్టర్ చెప్పేదాకా ఒక్క డయాలసిస్ కూడా మానకండి.

నాతోపాటు ప్రార్థించండి: ప్రభువా, మా రిపోర్ట్ ఎట్లా వచ్చినా మమ్మల్ని విడువకు. మా మాట పూర్తయ్యేదాకా నువ్వయినా విను. ఆమేన్.