ఇరవై ఒక్క మెట్ల సినిమా

నా పరువు గోదావరిలో కలిసిన వైనం చెబుతాను. నవ్వుకోండి, ఫర్వాలేదు. తణుకులో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు, మీరు కొత్తగా కలిపేదేమీ లేదు.

పదేళ్ళ క్రితం నేను రాజమండ్రిలో ఆర్కిటెక్చర్ పాఠాలు చెప్పుకునే ప్రొఫెసర్ని. పాఠాలతో ఊరుకుంటే బాగుండేది. ఒక వేసవి సెలవుల్లో కంప్యూటర్లో బొమ్మలు కదిలించడం నేర్చాను. ఆ తర్వాత డ్రోన్ కొన్నాను, రెండు షార్ట్ ఫిల్ములు తీశాను, కాలేజీలో డిజిటల్ మీడియా క్లాసు కూడా నా నెత్తినే పెట్టారు. ఇంకేముంది, దర్శకుణ్ణయిపోయాను! మా ఆవిడ కాఫీ తెస్తుంటే, “మళ్ళీ వెళ్ళి కిటికీ వైపు నుంచి రా, వెలుతురు బాగుంది” అనేవాణ్ణి.

అప్పుడే తణుకులో వర్తక సంఘం వాళ్ళు కల్యాణ మండపం కట్టాలనుకున్నారు. మా మావగారు ఆ ఊళ్ళో నలభై ఏళ్ళు లెక్కల మాస్టారు. సంఘంలో సగం మంది ఆయన చేత బెత్తం దెబ్బలు తిన్నవాళ్ళే. “ప్లాను మా అల్లుడుగారు గీస్తారు. తప్పొస్తే నన్నడగండి” అని మాటిచ్చేశారు. జన్మలో ఎవరికీ సిఫార్సు చెయ్యని మనిషి నా కోసం నోరు తెరిచారు.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. నేను రెండూ మానేసి సినిమా తీసి చూశాను. లోకంలో అందరూ ప్లాను గీశాక బొమ్మ చేస్తారు. నేను ముందు కంప్యూటర్లో బొమ్మల సినిమా చేసి, అందులో కనిపించినదాన్నిబట్టి ప్లాను గీశాను. పెళ్ళికూతురు గేటు దగ్గర కారు దిగుతుంది, సన్నాయి మోగుతుంది, కింద హాల్లో తాళి కడతారు. కట్ చేస్తే, పై అంతస్తులో భోజనాలు! అరిటాకులో పనసపొట్టు కూర మీద ఆవిరి లేస్తుంది. ఆ ఆవిరికే నాకు పన్నెండు రోజులు పట్టింది.

సంఘం ఆఫీసులో కిటికీలు మూసి సినిమా వేశాను. చప్పట్లు మోగాయి. మావగారు కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. అధ్యక్షుడు, బట్టల కొట్టు సుబ్బారాయుడుగారు, లేచి నిలబడ్డారు.

“అద్భుతమండి! ఒక్క చిన్న సందేహమండి. పైకెళ్ళే మెట్లు బేసి వచ్చాయాండి, సరి వచ్చాయాండి?”

ఈ వాస్తు గోలంటే నాకు చులకన. అసలు మెట్ల సంగతే గుర్తు రావడం లేదు, కానీ దర్శకుడు తడబడకూడదు కదా.

“బేసేనండి. ఇరవై ఒకటి.”

ఆలూ లేదు, చూలూ లేదు, మెట్ల సంఖ్య ఇరవై ఒకటి.

“శుభం! ఒకసారి చూపించండి, లెక్కపెట్టుకుంటాం.”

మళ్ళీ వేశాను. పెళ్ళికూతురు దిగింది, తాళి కట్టారు, పనసపొట్టు కూర వచ్చేసింది.

“మెట్లు రాలేదేంటండి?”

“ఆ స్తంభం వెనకాల ఉన్నాయేమో, కొంచెం వెనక్కి తిప్పండి” అన్నారు ఇంకొకరు.

“మరి ఇంతమంది పైకెలా వెళ్ళారండి?”

“కట్ చేశామండి” అన్నాను నీళ్ళు నములుతూ. “సినిమాలో అంతేనండి. చూసేవాళ్ళే ఊహించుకోవాలి.”

సలహా కోసం పిలిపించిన వంట మేస్త్రి వీర్రాజు గొంతు సవరించుకున్నాడు. “మీరు ఊహించుకోవచ్చండి. సాంబారు గంగాళం మోసేది నేను కదండీ!”

చివరికి ప్లాను విప్పాను. పాతిక తలలు దాని మీదికి వంగి వెతికాయి. సినిమాలో లేనిది ప్లానులోకి ఎలా వస్తుంది? మెట్లు మరిచిపోయిన విద్యార్థికి గుండు సున్నా వేసే ప్రొఫెసర్ని నేను!

మాస్టారు కూర్చున్నారని ఎవరూ నవ్వలేదు. ఆయనే మెల్లగా కళ్ళజోడు తీశారు.

“బాబూ, సున్నా బేసి సంఖ్య కాదండి. సరి సంఖ్య.”

అప్పుడు నవ్వారు, కిటికీలు అదిరేలా. మావగారు మాత్రం తల దించుకుని కళ్ళజోడు తుడుస్తూ ఉండిపోయారు. ఆయన తన శిష్యుల ముందు తల దించుకోవడం అదే మొదటిసారి. ఆ తల దింపింది నేను. ఇప్పుడు తలుచుకున్నా సిగ్గుతో చచ్చిపోతాను.

మండపం వేరే ఇంజనీరు చేతికి వెళ్ళింది. ప్రారంభోత్సవానికి ముఖం చెల్లలేదు గానీ, మావగారు ఫోన్ చేసి మరీ రప్పించారు. భోజనాలకి పైకెళ్ళబోతే ఒక్కో మెట్టూ మామూలుకన్నా ఎత్తు. జనం ఆగి ఆగి, మోకాళ్ళు పట్టుకుని ఎక్కుతున్నారు.

“ఇంజనీరుగారు ఇరవై ఏడు మెట్లు వెయ్యాలన్నారండి” సుబ్బారాయుడుగారు రొప్పుతూ చెప్పారు. “మాస్టారు ఒప్పుకుంటేగా! మా అల్లుడుగారు ఇరవై ఒకటన్నారు, ఇరవై ఒకటే ఉండాలన్నారండి.”

డెబ్బై ఎనిమిదేళ్ళ మావగారు నా చెయ్యి పట్టుకుని, పైకే లెక్కపెడుతూ ఎక్కారు.

“పంతొమ్మిది... ఇరవై... ఇరవై ఒకటి.” ఆగి ఊపిరి పీల్చుకున్నారు. “చూశారా బాబూ? మీరు అబద్ధం చెప్పలేదు.”

అందుకని ఇప్పుడు, ఆ ఇరవై ఒక్క మెట్ల సాక్షిగా, తణుకు ప్రజల మోకాళ్ళ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా సినిమాల్లో ఎవరు పైకి వెళ్ళాలన్నా మెట్లెక్కే వెళ్తారు. చూసేవాళ్ళు నిద్రపోయినా సరే, కట్ చెయ్యను.