ఉప్పలయ్య చేసిన అలిగే బొమ్మ

ఉప్పలయ్యకు మెల్లగా మాట్లాడటం చేతకాదు. వరంగల్ బట్టల మిల్లులో ఫిట్టరు. పద్దెనిమిదేళ్ళు మగ్గాల చప్పుడు మీద అరిచి అరిచి, ఇంట్లో మంచినీళ్ళు అడిగినా వీధి చివరివాళ్ళు ఉలిక్కిపడేవారు. అలాంటి మనిషి 1983లో, పనిగట్టుకుని, అలిగే బొమ్మను తయారు చేశాడు.

నిలువెత్తు ఆడమనిషి, చెక్కతో. మెడలో లారీ వైపరు మోటారు, చెవిలో చిన్న మైకు. గట్టిగా అరిస్తే మొహం తిప్పుకుంటుంది. చెవి దగ్గర మెల్లగా నాలుగు మాటలు చెబితే మళ్ళీ ఇటు చూస్తుంది. దాన్ని చూసుకుని మురిసిపోయి, భార్య కట్టమ్మ కొత్త చీరను అడగకుండానే తెచ్చి బొమ్మకు చుట్టాడు. ఇదేమిటని ఆమె అంటే, "చీరనే గదా, ఏం మునిగింది?" అని వాడకట్టంతా వినేలా గద్దించాడు.

నన్నడిగితే తప్పు ముమ్మాటికీ అతనిదే. కట్టమ్మ ఆ పూట నుంచి అన్నం పెడుతోంది గాని నోరు విప్పడం లేదు. ఎనిమిది రోజులైంది. ఉప్పలయ్యకు ముద్ద దిగడం లేదు.

హనుమకొండ ఎగ్జిబిషన్‌లో బొమ్మను పెడితే జనం విరగబడ్డారు. బట్టల దుకాణం కిషన్ రావు అంతటి పెద్దమనిషి వంగి, "అవ్వా, జర ఇటు సూడరాదు" అని గొణిగాడు. బొమ్మ తిరిగింది. ఆయన కొత్త పెళ్ళికొడుకులా మెలికలు తిరిగిపోయాడు. ఇక వరసకట్టి బతిమాలడమే. అందరి వైపూ తిరిగింది, చేసినవాడి వైపు తప్ప. ఉప్పలయ్య నోరు తెరిస్తే చాలు, మొహం గోడవైపు తిప్పుకునేది.

"ఇంట్ల గూడ గిట్లనేనా అన్నా?" అన్నారెవరో.

అందరూ పగలబడి నవ్వారు. ఉప్పలయ్యకు నవ్వు రాలేదు. వాడకట్టు ఆడవాళ్ళతో కట్టమ్మ వచ్చి వెనకే నిలబడి ఉంది.

అతను రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని బొమ్మ చెవి దగ్గర వంగాడు. చూపు మాత్రం కట్టమ్మ మీదే.

"తప్పయింది. అడగకుంట తీసిన. వాడకట్టంత ఇనేటట్టు ఒర్రిన. ఒక్క మాట మాట్లాడు."

గొంతు తగ్గింది. బొమ్మ మెడ కదిలింది. అంతలో కట్టమ్మ గబగబా ముందుకొచ్చి దాని గడ్డం పట్టుకుని ఆపింది.

"అప్పుడే తిరగకే చెల్లె. ఇంకో రెండుమాట్లు బతిమాలనియ్యి."

జనం గొల్లున నవ్వారు. ఆ గోలకు బొమ్మ విసురుగా గోడవైపు తిరిగిపోయింది. ఎనిమిది రోజుల తర్వాత ఆ గొంతు విన్న ఉప్పలయ్యకు ఒళ్ళు తెలియలేదు. బొమ్మను వదిలేసి కట్టమ్మ చెవి దగ్గర వంగాడు. ఏమన్నాడో పక్కనే ఉన్న కిషన్ రావుకు కూడా వినపడలేదు. కట్టమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పడీ పడీ నవ్వింది.