పదకొండు తలలు

"మమ్మల్ని గొర్రెలనుకున్నావా, మలాకీ?" అని అట్రాక్టా ఒకసారి మొహం మీదే అడిగేసింది. "గొర్రెలైతే నయం తల్లీ, తప్పిపోతే అరుస్తాయి," అన్నాడతను. మేయో కొండల్లో నలభై ఏళ్లు గొర్రెలు కాసినవాడు. ఇప్పుడు ఆదివారాలు అట్రాక్టా వాళ్ల నడకబృందాన్ని వంతెన దగ్గర బయలుదేరదీసి, ఐదు శిఖరాలు చుట్టించి, మళ్లీ ఆ వంతెనకే చేరుస్తాడు. కర్రతో ఊబి లోతు చూసుకుంటూ ముందు నడుస్తాడు. ప్రతి శిఖరం మీదా రాళ్లకుప్ప ఎక్కి, కర్ర చాపి, వెంట వచ్చినవాళ్ల తలలు లెక్కపెట్టి, "పదకొండు, సరిపోయింది!" అని కేకేస్తాడు. ముఖాలు చూడడు. వాన టోపీల కింద అవి ఎలాగూ కనబడవు.

ఆ ఆదివారం నాలుగో శిఖరాన్ని పొగమంచు కమ్మేసింది. అయినా లెక్క తప్పలేదు. కిందికి దిగాక వంతెన దగ్గర ఎవరో పెద్దమనిషి టోపీ తీసి, "దారి తప్పి పైన మీ వెనక చేరానండీ, బతికించారు," అన్నాడు. మలాకీ కర్ర చాపి మళ్లీ లెక్కపెట్టాడు. ఆయనతో కలిపీ పదకొండే. అప్పుడు చూశాడు ముఖాలు. అట్రాక్టా లేదు. మూడు గంటలు వెతికాక నాలుగో శిఖరం వాలులో, నడుం దాకా ఊబిలో దిగబడి దొరికింది. అంతా దేవుడి దయ అన్నారు. పొగమంచులోనూ కనబడిన ఆమె ఎర్ర టోపీ దయ అంటే సరిగ్గా ఉండేది. దుప్పటి కప్పబోతే మలాకీ చెయ్యి పట్టుకుంది. "గాలి నావైపు కొట్టింది. నా అరుపు నీకు వినబడలేదు," అంది. "నువ్వు 'సరిపోయింది' అనడం మాత్రం నాకు వినబడింది."