జానెడు నీడ

మా సరంగు తాత పోయారు. ఈ కబురు నాకు మోసుకొచ్చిన తలారి నవ్వుతూ చెప్పాడు. జ్యేష్ఠమాసం, తెల్లవారుతూనే ఉక్కపోత. నేను అరుగు మీద కూర్చుని ముఖం కడుక్కుంటున్నాను. "కోతల సరంగు ఓడెక్కేశాడండి మేష్టారూ! అక్కడ సూర్యుడు ఏ పక్కనుంటాడో చూసొచ్చి చెబుతాడు లెండి," అన్నాడు వాడు. చేతిలో ఉన్న చెంబు వాడి మొహాన విసిరికొట్టాలన్నంత కోపం వచ్చింది. విసరలేదు. ఎందుకు విసరలేదో ఇది చదివితే మీకే తెలుస్తుంది. ఆ ఎగతాళిలో నాకూ వాటా ఉంది.

సరంగు అంటే ఓడ మీద కళాసీలందరికీ పెద్ద. తాత కోరంగి రేవులో మామూలు కళాసీగా ఓడెక్కి, ముప్పై ఏళ్ళు సముద్రం మీద తిరిగి, సరంగై దిగారు. బర్మా రంగం, కొలంబో, మోరీసు దీవి, ఆఖరికి తెల్లదొరల సీమ కూడా చూసి వచ్చిన మనిషి. రేవు ఇసక మేట వేసి పూడిపోయాక మా పక్కింట్లో కూతురి దగ్గర ఉండిపోయారు. నన్ను చంకనేసుకుని తిప్పిన మనిషే, నేను బడిపంతులునైన రోజు నుంచి నాతో 'అండి' అనకుండా మాట్లాడలేదు. "ఏంటి తాతా ఇది, మానెయ్యి," అని ఎంత పోరినా వినేవారు కాదు. "మీకు కాదండీ, మీ చదువుకి," అనేవారు. ఆ చదువు ఆయనకేం ఉపకారం చేసిందో తరవాత చెబుతాను.

లోకం చుట్టి రావడమంటే పల్లకీలో ఊరేగడం అనుకునేవాళ్ళు ఆయన ఒంటిని ఒక్కసారి చూసి ఉండాల్సింది. ఎడమ చేతికి రెండు వేళ్ళు లేవు. గాలివానలో తెరచాప తాడు చేతిలోంచి దూసుకుపోతూ వాటిని పట్టుకుపోయింది. కుడికాలికి మూడు వేళ్ళు లేవు. సీమ రేవులో కాళ్ళకి జోళ్ళు లేకుండా మంచులో నిలబడితే నల్లబడి రాలిపోయాయట. ఆయన పక్కన పడుకున్న ఇద్దరు కళాసీలు ఆ చలికి లేవనే లేదట. నెలల తరబడి ఎండుచేపా, ముక్కిన బియ్యమూ తిని చిగుళ్ళు ఉబ్బి, నెత్తురు కారి, పళ్ళు ఒక్కొక్కటే ఊడిపోయాయి. పీపాల్లో నీళ్ళు పురుగులు పడితే పంచె కొంగు అడ్డం పెట్టుకుని తాగేవారట. ఇవన్నీ చెప్పి, బోసినోటితో నవ్వి, "కాలి వేళ్ళు సీమలోనూ, చేతి వేళ్ళు సముద్రంలోనూ, పళ్ళు ఓడలోనూ వదిలొచ్చానండి. మిగిలింది ఇంటికి తెచ్చాను," అనేవారు.

మరి ఊరు ఏమంది? చేతివేళ్ళు చెరుకు గానుగలో పెట్టుకుని ఉంటాడంది. కాలివేళ్ళు ఏ గొడ్డలి వేటుకో పోయి ఉంటాయంది. గోదావరి దాటి రాజమండ్రి మొహమైనా చూడని వాళ్ళు, ధవళేశ్వరం ఆనకట్ట చూడడమే దేశాటన అనుకునేవాళ్ళు, ఈ తీర్పులు చెప్పారు.

ఆయనకి కొన్ని అలవాట్లుండేవి. పొద్దున్న లేవగానే వీధిలోకొచ్చి, తల పక్కకి వంచి గాలి వాసన చూసేవారు. వాన ఏ పూట వస్తుందో చెబితే ఆ పూట వచ్చేది. రోజూ అన్నంలో ఒక నిమ్మబద్ద ఉండాల్సిందే. చిగుళ్ళ జబ్బుతో చావబోతుంటే ఏదో రేవులో ఒక ముసలమ్మ నాలుగు నిమ్మకాయలు చేతిలో పెట్టిందట. ఆవిడ భాష ఈయనకి రాదు, ఈయన భాష ఆవిడకి రాదు. నిమ్మకాయ పిండేటప్పుడల్లా ఆవిడకో దణ్ణం పెట్టుకునేవారు. మంచినీళ్ళు తాగితే ఒక్క చుక్క కిందపడేది కాదు. కూతురు ఒలకబోస్తే కేకలేసేవారు.

ఇంక ఆయన ముడులు. నూతి చేదకి తాడు కట్టాలన్నా, పాకకి నిట్రాడ బిగించాలన్నా, పురిటి ఇంట్లో ఉయ్యాల వెయ్యాలన్నా సరంగు రావాలి. ఆ మిగిలిన ఎనిమిది వేళ్ళతోనే కట్టేవారు. మా ఊళ్ళో ఇవాళ నడుస్తున్న పిల్లల్లో సగం మంది ఆయన ముడి మీద వేళ్ళాడిన ఉయ్యాలల్లో పెరిగినవాళ్ళే. ఒక్క ముడి జారలేదు. కన్నబిడ్డల్ని ఆయన ముడికి నమ్మి వదిలేసినవాళ్ళు, ఆయన మాట మాత్రం నమ్మకూడదన్నారు. ఇదెక్కడి న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఒకసారి అడిగాను. "ఒళ్ళంతా హూనం చేసుకున్నావు కదా తాతా, నీకు మిగిలిందేంటి?" అని.

 ఆయన మోరీసు సంగతి చెప్పారు. అక్కడ చెరుకు తోటల పక్కన మంచినీళ్ళ కోసం పడవ దిగి, వెంట ఉన్న కళాసీని తెలుగులో గట్టిగా కేకేశారట. తోటలోంచి ఒకావిడ కొడవలి పారేసి పరిగెత్తుకొచ్చింది. పాలకొల్లు దగ్గరి మనిషి, కూలికని ఓడెక్కి పద్దెనిమిదేళ్ళైందట. "మీదే ఊరు బాబూ? గోదారికి ఎర్రనీరొచ్చేసిందా?" అంది. ఈయన బయల్దేరేనాటికి కొత్త వరద వచ్చింది. వచ్చిందమ్మా అన్నారు. ఆవిడ అక్కడే గట్టు మీద కూలబడి ఏడ్చి, లేచి, గుడిసెలోకి తీసుకెళ్ళి తోటకూర పులుసుతో అన్నం పెట్టిందట.

"అప్పటికి నాలుగు నెలలైందండి నేను ఆకుకూర చూసి. తింటుంటే పక్కన కూర్చుని గోదారి ఎలా ఉందో, గట్లు ఎలా ఉన్నాయో, అన్నీ అడిగిందండి. మనం రోజూ చూసీ చూడనట్టుండే గోదారి అంత గొప్పదని నాకు అక్కడే తెలిసింది. వేళ్ళు పోతే పోయాయి లెండి," అన్నారు. ఏ రేవులోనైనా ముందుగా అన్నం పెట్టేది లేనివాళ్ళేనని కూడా అన్నారు.



ఇప్పుడు నా పాపం సంగతి. మా ఊరి కరణం గారి అరుగు మీద సాయంత్రం పూట పదిమంది చేరేవారు. మూడేళ్ళ కిందట కరణం గారు పొగబండెక్కి కాశీ వెళ్ళొచ్చారు. బల్ల మీద కూర్చుని వెళ్ళి, బల్ల మీద కూర్చుని వచ్చిన ఆ పాదాల్ని ఊరు ఊరంతా కడిగి, ఆ నీళ్ళు నెత్తిన చల్లుకుంది. నేనూ చల్లుకున్నాను. ఆ సాయంత్రం అరుగు మీద ఆయన చెప్పిందానికల్లా అందరూ తలలూపారు. ఆ మూలనే, నేల మీద, వేళ్ళు లేని పాదం పంచె కింద దాచుకుని సరంగు తాత కూర్చున్నారు. ఎవరో మాట వరసకి "నువ్వూ తిరిగావుగా, ఓ వింత చెప్పు," అన్నారు.

"మోరీసు దాటి కింది సముద్రంలోకి పోతేనండీ, మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకి ఉత్తరపు పక్క నిలబడతాడండి. నీడ దక్షిణానికి పడుద్ది," అన్నారు తాత.

కరణం గారు పొట్ట పట్టుకుని నవ్వారు. "మధ్యాహ్నం సూర్యుడు దక్షిణపు పక్కన కాక ఉత్తరాన ఉంటాడటయ్యా! ఇంకా నయం, పడమట పొడుస్తాడన్లేదు!" అన్నారు. అరుగంతా నవ్వింది. అప్పుడు తాత నా వైపు తిరిగారు. ఆ చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. "మీరు చెప్పండి మేష్టారూ. పుస్తకం చదివినోరు. నిజమని ఒక్క మాట అనండి," అన్నారు.

నాకు తెలుసు. నిజమని తెలుసు. భూగోళం పాఠం చెప్పేవాణ్ణి, నారింజపండు పట్టుకుని పిల్లలకి తిప్పి చూపించేవాణ్ణి, నాకు తెలియకపోవడమేమిటి? కానీ బడి కరణం గారి పాత ధాన్యపు కొట్టంలో నడుస్తోంది. ఆయన ఒక్క మాట అంటే నా పిల్లలు చెట్టు కిందికి పోవాలి. ఆయనకి కోపం వస్తుందేమోనని, తేలు కుట్టిన దొంగలా గొంతు తగ్గించి, "పుస్తకంలో అలాంటిది నేను చూళ్ళేదండి," అన్నాను.

అరుగు మళ్ళీ నవ్వింది. ఆ రోజు నుంచే ఆయన 'కోతల సరంగు' అయ్యారు. పంతులే లేదన్నాక ఇంకేముంది? ఆయన చెప్పిన ఎగిరే చేపలూ అబద్ధమే, మంచూ అబద్ధమే, పోయిన వేళ్ళూ అబద్ధమే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఆయన లోకమంత రచ్చ గెలిచి వస్తే, ఇంట గెలవనివ్వలేదు మేము.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాడు మా గుమ్మంలోకి వచ్చి, నిలబడే చెప్పారు. "మోరీసు దాకా పోనక్కర్లేదండి. మన ఊళ్ళో కూడా జ్యేష్ఠంలో అంతేనండి. మిట్టమధ్యాహ్నం వాకిట్లో ఓ కర్ర పాతండి. నీడ దక్షిణానికి పడుద్ది. చూసి, అప్పుడు చెబుదురుగాని." అలాగే తాతా అన్నాను. ఆ తరవాత ఆయన కరణం గారి అరుగు తొక్కలేదు.

మూడు జ్యేష్ఠాలు వెళ్ళిపోయాయి. నేను కర్ర పాతలేదు. జ్యేష్ఠంలో మిట్టమధ్యాహ్నం మనమెవరం బయట ఉంటాం? తలుపులు వేసుకుని, తడిపిన వట్టివేళ్ళ తడిక కట్టుకుని నిద్రపోతాం. ఎండలో ఉండే కూలీలకి తల ఎత్తే తీరిక లేదు. ఉత్తరాయణం, దక్షిణాయనం అని సంకల్పంలో నోటితో చదువుతాం, ఆకాశం వైపు చూడం. ఏటా రెండు నెలలకి పైగా మన వాకిట్లోనే జరిగే వింతని ఒక మనిషి లోకమంతా తిరిగొచ్చి చెబితే, ఆయన్ని కోతలరాయుణ్ణి చేశాం. సిగ్గుండాలి. ముందు నాకుండాలి.

కబురు విన్నాక పక్కింటికి వెళ్ళాను. తాత కూతురు గుమ్మంలో కూర్చుని ఉంది. ఏడుపు అయిపోయిన మొహం. నన్ను చూసి, "తమ్ముడూ, నిన్న పొద్దుట కూడా నాన్న అడిగాడు. పంతులుగారు కర్ర పాతి చూశారా అని. చూసే ఉంటార్లే నాన్నా అన్నాను. చూశావా?" అంది.

చూళ్ళేదక్కా అన్నాను. ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

పాడె కట్టడానికి వచ్చినవాళ్ళు ఆదరాబాదరాగా కట్టారు. ఎత్తబోతే తాడు జారింది. ఊరందరికీ ముడులు వేసిన మనిషికి ఒక్క ముడి సరిగ్గా వెయ్యలేకపోయారు. వాళ్ళని పక్కకి తోసి, ఆయన నేర్పిన ముడి నేనే వేశాను. దాంతోపాటు నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. పంతులికి మతి పోయిందనుకున్నారు. ఆయన ఓడ దిగినప్పుడు తెచ్చుకున్న తెడ్డు ఇంటి చూరులో ఉంటే తీసి భుజాన వేసుకుని ముందు నడిచాను.

మా శ్మశానం ఊరికి ఉత్తరాన, కాలవ అవతల. గొయ్యి తవ్వి పూడ్చేసరికి మిట్టమధ్యాహ్నమైంది. తలవైపు, అంటే దక్షిణపు కొసన, తెడ్డు నిటారుగా పాతాను. పాతి, చేతులు దులుపుకుని కిందికి చూశాను. జానెడు నీడ. సూటిగా దక్షిణానికి.

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. ఊరి మర్యాద కోసం వచ్చి, దూరంగా గొడుగు వేసుకుని నిలబడ్డారు కరణం గారు. ఆయనకి వినిపించేలా, అందరికీ వినిపించేలా అరిచాను. "మూడేళ్ళ కిందట మీ అరుగు మీద నేను అబద్ధం చెప్పాను! సరంగు తాత చెప్పిందే నిజం. నాకు అప్పుడూ తెలుసు. కావాలంటే రండి, చూడండి! కరణం గారూ, గొడుగు ముడిచి ఒక్కసారి మీ కాళ్ళ దగ్గర చూసుకోండి!"

 పొద్దున్న నవ్వుతూ కబురు చెప్పిన తలారి వచ్చి తెడ్డు పక్కన గొంతుక్కూర్చున్నాడు. చెయ్యి చాపి, బొటనవేలు తెడ్డు మొదట్లో ఆనించి నీడని కొలిచాడు. ఉత్తరానికి తిరిగి తల ఎత్తి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. "ఆ పక్కనే ఉన్నాడండీ," అన్నాడు మెల్లిగా. ఇంకో నలుగురు తమ కాళ్ళ దగ్గర చూసుకున్నారు. అప్పుడు చూస్తే ఆయనకేం ఒరిగింది? ఆ మాట కూడా అన్నాను.

కరణం గారు "నీడ కదా, అటూ పడుతుంది, ఇటూ పడుతుంది," అని వెనక్కి తిరిగారు. కొట్టం ఖాళీ చెయ్యమని రేపో మాపో మనిషిని పంపిస్తారు. పంపించనీండి, పాఠం ఎండలోనే చెబుతాను, మొదటి పాఠం ఇదే చెబుతాను. ఆయన ఊరి వైపు, దక్షిణానికి, కాలవ దాటి నడుచుకుంటూ వెళ్ళిపోయారు. గొడుగు నీడ ఆయన ముందు జానెడు జరిగి, ఇంటిదాకా ఆయనకి దారి చూపిస్తూ నడిచింది. ఒక్కసారి తల దించితే కనపడేది. దించలేదు.