గోడ అవతలి ఉరుము

మా పక్కింటి అంకుల్ పోయారు. గురువారం పొద్దున ఆయన కూతురు వచ్చి గుమ్మంలోనే నిలబడి చెప్పింది. లోపలికి రమ్మన్నాను, రాలేదు. చేయి పట్టుకున్నాను. అప్పుడు నాకు దుఃఖం రాలేదు. భయం వేసింది. ఆ అమ్మాయి వెళ్లాక ముందు ఆకాశం వైపు చూశాను. మబ్బు లేదు. తలుపు వేసి, దేవుడి దగ్గర దీపం పెట్టి, ఆయన ఆత్మకు శాంతి ఇమ్మని అడిగాను. నాకోసం ఏం అడగాలో తోచలేదు.

లీసెస్టర్‌లో ఆయన ఇల్లూ మా ఇల్లూ ఒకే గోడకు చెరోవైపు. ఆయన ఆర్కెస్ట్రాలో పెద్ద డ్రమ్ములు వాయించి రిటైరైన ఇంగ్లీషు మనిషి. రాగి గుండిగల మీద తోలు బిగించినట్టుంటాయి అవి. కొండల్లో, అడవుల్లో తిరిగొచ్చి సంగీతం రాసిన పాతకాలపు స్వరకర్తలంటే ఆయనకు ప్రాణం. వాళ్ల వాన వయొలిన్లలో ఉంటుందట, పక్షులు ఫ్లూట్లలో ఉంటాయట. ఉరుము మాత్రం తనదే అనేవారు.

"జీతం తీసుకుని ఉరిమినవాణ్ణి నేను, మి డక్."

మి డక్ అంటే నా బాతు. లీసెస్టర్ వాళ్లు ప్రేమగా అలాగే పిలుస్తారు. మొదట్లో బిత్తరపోయాను. తర్వాత ఆ పిలుపు వినబడని రోజు వెలితిగా ఉండేది.

ఉరుమంటే నాకు భయం. మాది సముద్రం పక్క ఊరు. చిన్నప్పుడు తుఫానుకు మా ఇంటి కప్పు లేచిపోయింది. తమ్ముణ్ణి, చెల్లిని చెరో పక్కన పొదువుకుని ధాన్యం బస్తాల వెనక కూర్చున్నాను. పిడుగు పడకుండా మన పెద్దవాళ్లు తలుచుకోమనే పేర్లున్నాయి, మీకూ తెలుసు. అవే గట్టిగా చెబుతూ ఉన్నాను. వాళ్లిద్దరూ నా మొహం చూసి ఏడుపు ఆపారు. పెద్దదాన్ని. ఆ తర్వాత ఆ మొహం మార్చుకోవడం కుదరలేదు. అక్కకు భయం లేదన్న మాట మా ఇంట్లో స్థిరపడిపోయింది.

మేం ఈ ఇంటికి వచ్చిన ఏడాది వేసవిలో ఒక మధ్యాహ్నం ఉరుములు మొదలయ్యాయి. మా ఆయన ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్నారు. గోడకు వీపు ఆనించి కూర్చుని ఆ పేర్లే చెప్పుకుంటున్నాను. కాస్త పైకే చెప్పినట్టున్నాను. గోడ అవతల నుంచి మెత్తని దెబ్బలు వినిపించాయి. బరువుగా ఒకటి, తేలిగ్గా రెండు. మళ్లీ బరువుగా ఒకటి, తేలిగ్గా రెండు. నేను చెబుతున్న పేర్ల నడకే అది. మాట తెలియని మనిషి నడక పట్టుకున్నారు. నా గొంతు తడబడితే ఆ దెబ్బ నాకోసం ఆగేది.

మర్నాడు పెరటి కంచె దగ్గర పలకరించారు.

"నిన్న పాడింది ఏం పాట?"

"పాట కాదు అంకుల్. పిడుగు మన మీద పడకుండా చెప్పుకునేది."

"పనిచేస్తుందా?"

"ఇంతవరకూ పడలేదు."

"అయితే ఆ ఇన్సూరెన్స్‌లో నన్నూ చేర్చుకో." నవ్వి, నా మొహం చూసి నవ్వు ఆపేశారు. "భయమా?"

అవునన్నాను. ఆ మాట ఒక మనిషితో అనడం నాకు అదే మొదలు.

అప్పట్నుంచి రేడియోలో గాలివాన కబురు వస్తే చాలు, ఉన్నానని గోడ తట్టేవారు. విన్నానని నేనూ తట్టేదాన్ని. భయపడకు అని మాత్రం ఎన్నడూ అనలేదు. "నేనూ భయపడుతూనే వాయించాను. వయొలిన్ తప్పు పలికితే పక్కవాడికే తెలుస్తుంది. ఉరుము తొందరపడితే హాలంతా తెలుస్తుంది," అనేవారు.

ఆయన షెడ్డులో గాలి హోరు పలికించే యంత్రం ఒకటి ఉండేది. రాట్నంలాంటి చెక్క చక్రం, దాని మీద బిగించిన కాన్వాసు గుడ్డ, పక్కన పిడి. కొండగాలి కావాల్సిన చోట ఆర్కెస్ట్రాలో దాన్నే తిప్పుతారట. ఒకసారి నాచేత తిప్పించారు. మెల్లగా తిప్పితే ఈల. వేగం పెంచితే మా ఇంటి కప్పు లేచిన రోజు. చేయి వదిలేశాను. చక్రం నెమ్మదించి ఆగింది.

"చూశావా, చేయి తీస్తే ఆగిపోయింది."

"బయటి గాలికి పిడి నా చేతిలో లేదు కదా అంకుల్."

ఆయన ఆ గుడ్డను నిమిరారు. "నా చేతిలోనూ లేదు," అన్నారు.

ఎండ కాసే రోజుల్లో పాత పియానో ముందు కూర్చుని ఒక పాట పాడేవారు. ఎవరో ఏటి వెంట నడిచిపోతుంటాడు. మాటలు గొంతులో, ఏరు పియానోలో. ఆయన గొంతు బాగుండేది కాదు. ఏరు బాగుండేది.

ఒకసారి రైల్లో బర్మింగ్‌హామ్‌కు తీసుకెళ్లారు, కచేరీకి. సంగీతంలో పల్లె, ఎండ, పక్షులు అయ్యాక, మంద్రంగా పలికే పెద్ద తీగవాద్యాలు గురగురమన్నాయి. లేచి వెళ్లిపోదామనుకున్నాను. ఆయన నా వైపు తిరగకుండానే తన మోకాలి మీద వేళ్లతో మొదలుపెట్టారు. బరువుగా ఒకటి, తేలిగ్గా రెండు. డ్రమ్ములు విరుచుకుపడ్డాయి.

"ఇంకాస్త," అన్నారు చెవిలో. "తుఫాను రాసినవాడు మనల్ని అందులోనే వదిలేసి పోడు. గొర్రెలకాపరి పిల్లనగ్రోవి వస్తుంది, ఉండు."

వచ్చింది. మిగతావాళ్లకు అది అందంగా వినిపించి ఉంటుంది. నాకు ఊపిరి వచ్చింది.

చివరి రోజుల్లో ఆసుపత్రికి చూడ్డానికి వెళ్లాను. కిటికీ వైపు తిరిగి పడుకుని ఉన్నారు.

"ఇది ఎక్కడ ముగుస్తుందో తెలియడం లేదు, మి డక్," అన్నారు.

ఆ కళ్లలో ఉన్నది నాకు తెలిసిన భయమే. దుప్పటి మీద వేళ్లతో వేశాను, బరువుగా ఒకటి, తేలిగ్గా రెండు. ఆయన వేళ్లూ కలిశాయి. కాసేపటికి అలసిపోయి ఆగాయి. నేను ఆపలేదు.

అంత్యక్రియలకు మా చెల్లి రీడింగ్ ఊరి నుంచి వచ్చింది. మర్నాడు సాయంత్రం ఇద్దరం టీ తాగుతుంటే ఆకాశం నల్లబడింది. మొదటి ఉరుముకే లేచి వెళ్లి గోడ తట్టాను. తట్టాక గుర్తొచ్చింది. చేయి అక్కడే ఉండిపోయింది.

"ఏంటక్కా, గోడ పడిపోతుందనా పట్టుకున్నావ్?" అని చెల్లి నవ్వింది.

"భయంగా ఉందే."

"నీకా?"

"ఎప్పుడూ ఉంది."

చెల్లి టీ కప్పు కింద పెట్టి వచ్చి నా పక్కన నిలబడింది. ఆ రోజు బస్తాల వెనక నా నోట విన్న పేర్లు మొదలుపెట్టింది. సగంలో మరిచిపోయి మళ్లీ మొదటికొచ్చింది. మళ్లీ అక్కడే ఆగింది. అందిద్దామంటే నాకు నోరు పెగల్లేదు. ఉరుము ఇంకా దగ్గరకు వచ్చింది. చెల్లి తనకొచ్చిన ఆ నాలుగు పేర్లే తిప్పి తిప్పి చెబుతోంది.

కిటికీలోంచి ఆయన షెడ్డు కనిపిస్తోంది. తలుపు గాలికి కొట్టుకుంటోంది. తెరుచుకున్నప్పుడల్లా లోపల ఆ చక్రం మీది గుడ్డ తెల్లగా, కదలకుండా కనబడుతోంది. పిల్లనగ్రోవి ఇంకా రాలేదు.