సుందర్‌రాజు పగటినిద్ర

"ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు" అన్న పెద్దమనిషి ఎవరో గానీ, ఒక్కనాడు కూడా నైట్ డ్యూటీ చేసి ఉండడు. చేసి ఉంటే మా పైగదుల్లో కిరాయికి ఉండే సుందర్‌రాజు అవస్థ తెలిసేది.

నా పేరు దుర్గాదేవి. మాది పటాన్‌చెరు. కింద ముందువైపు మా కిరాణా దుకాణం, వెనక మా కాపురం, పైన ఆ రెండు గదులు. నాకు నోరు పెద్దదని గల్లీలో పేరు. ఉన్నమాట గట్టిగా అంటాను, అంతకు మించి ఏమీ లేదు. సుందర్‌రాజు, అతని భార్య ఎలిజబెత్ వచ్చి పదకొండేళ్లయింది. ఇన్నేళ్లలో వాళ్ల మీద గట్టిగా అరిచింది ఒక్కసారే. ఆ ముచ్చటే చెబుతున్నాను.

సుందర్‌రాజుది జోగిపేట వైపు. పాశమైలారంలో ఒక మందుల కంపెనీ బస్సు నడుపుతాడు. రాత్రి ఎనిమిదికి బండి తీస్తే మర్నాడు పొద్దున ఎనిమిదికి ఇల్లు చేరతాడు. పంతొమ్మిదేళ్లలో బండి మీద గీత పడనివ్వలేదు. కడుపుతో ఉన్న ఆడపిల్ల ఎక్కితే ఆమె కూర్చుని సర్దుకునేదాకా గేరు వేయడు. హారన్ కొట్టడమంటే అతనికి ఎవరినో తిట్టినట్టే. "నా ఎన్క నలభై మంది ఉంటరమ్మా, వాళ్ల ఇండ్లల్ల ఎదురుసూస్తుంటరు" అంటాడు.

అలాంటి మనిషికి నెల కిందట ఇస్నాపూర్ చౌరస్తాలో ఎర్రలైటు దగ్గర కన్ను అంటుకుంది. పచ్చలైటు పడ్డా బస్సు కదల్లేదు. వెనకవాళ్లు హారన్లు కొడితే మెలకువ వచ్చింది. బస్సులో ఎవరికీ తెలియదు, డ్యూటీ దిగి అందరూ గుర్రు పెడుతున్నారు. నోరు మూసుకుని ఊరుకోవచ్చా? ఊహూఁ. తనే పోయి బస్సులు చూసుకునే శ్రీధర్ సారుకు చెప్పుకున్నాడు. ఆయన నెల గడువు పెట్టాడు. నెల చివర తనే బస్సెక్కి పక్కన కూర్చుని చూస్తానన్నాడు. కన్ను మూతపడితే స్టీరింగు పోయినట్టే. గేటు దగ్గర రిజిస్టరు రాసుకోవాలి.

"గేటుకాడ కూసున్నా అన్నం దొర్కుతదమ్మా. పానమే ఒప్పది" అన్నాడు నాతో.

ఎలిజబెత్ నడుం బిగించింది. పగలు పడుకునే మనిషికి గది చల్లగా, చప్పుడు లేకుండా, రాత్రిలా ఉండాలని డాక్టరు చెప్పాడట. టీవీ ముందుగదిలోకి పోయింది. మంచానికి ఎదురుగా ఉన్న అద్దం బీరువా మొహం గోడకు తిరిగింది. గోడల నిండా ఉన్న ఫోటోలు, డ్రైవింగుకు వచ్చిన షీల్డులు, టిక్కుటిక్కుమనే గడియారం దిగిపోయి బైబిలు వాక్యం రాసిన క్యాలెండరు ఒక్కటి మిగిలింది. మా ఆయన ముచ్చటపడి వేయించిన నారింజ రంగు మీద, నన్ను అడిగే, లేత ఆకుపచ్చ వేయించింది. పాత నూలు చీరలు కలిపి బొంత కుట్టింది. పెరటి కిటికీకి వట్టివేళ్ల తడిక కట్టి నీళ్లు చల్లింది. అక్కడిదాకా నేనే మెచ్చుకున్నాను.

ఆ తర్వాత వీధివైపు కిటికీకి నల్ల గుడ్డ కట్టింది. అదీ రెండు పొరలు!

అయ్యో రామా! నడుస్తున్న దుకాణం నెత్తిన నల్ల గుడ్డ! మా ఇంట్లో నలుపంటే చంటిపిల్లల మొలతాడు, దిష్టిచుక్క, అంతే. కూరగాయల ఎంకమ్మ గంప దించి, తలెత్తి చూసి, "ఏంది సేటమ్మా, ధర్నా చేస్తున్నరా?" అంది. ఉప్పు ప్యాకెట్ కోసం వచ్చినామె గొంతు తగ్గించి, "ఇంట్ల ఎవలన్న పోయిన్రా?" అని అడిగింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఎలిజబెత్‌ను పిలిచి, "శుక్రవారం నాటికి ఆ గుడ్డ దిగాలె" అన్నాను.

"గిదొక్కటి ఉండనియ్యమ్మా. జెర ఎలుతురు కంట్ల పడ్డా లేస్తుండు. నీలం గుడ్డ కట్టిన, పచ్చది కట్టిన, ఆగుతలేదు. పరీక్ష అయినంక నేనే తీసేస్త."

"పరీక్షలు బడి పిల్లలకు. శుక్రవారమంటే శుక్రవారమే!"

పగలు పడుకునే ఇంట్లో లక్ష్మి నిలవదని మా అత్త చెప్పేది. కోడలిగా వచ్చిన నలభై ఏళ్లలో పగలు నడుం వాల్చి ఎరగను. మోకాళ్ల నొప్పులతో రెండేళ్లుగా రాత్రి కూడా నిద్ర లేదనుకోండి, అది వేరే సంగతి.

శుక్రవారం వచ్చింది. గుడ్డ దిగలేదు. పొద్దున ఏడున్నరకు దేవుడి దగ్గర దీపం పెట్టి, నా చేత్తోనే పీకేద్దామని మెట్లెక్కాను. సుందర్‌రాజు ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. ఎలిజబెత్ పిండిచేతులతో, "ఇయ్యాల ఒక్కనాడమ్మా, జెర ఇనమ్మా" అంటూ వెంటబడింది. నేను వింటేగా!

గదిలోకి అడుగు పెడితే ఏమీ కనబడలేదు. ఎండలోంచి వచ్చిన కళ్లాయె. వట్టివేళ్ల వాసన, కాళ్ల కింద చల్లటి బండ. మెట్లెక్కిన మోకాళ్లు సలుపుతున్నాయి. ఒక్క నిమిషం ఊపిరి తీసుకుని అప్పుడు పీకుదామని మంచం అంచున కూర్చున్నాను. బొంత మెత్తగా ఉంది. ఎప్పుడు ఒరిగానో నాకు తెలియదు.

కళ్లు తెరిస్తే ఏ పూటో అర్థం కాలేదు. ఒళ్లు దూదిపింజలా ఉంది. లేచి తలుపు తీశాను. ఎండ నడినెత్తిన ఉంది. పన్నెండున్నర! అయిదు గంటలు పడుకున్నాను!

మెట్ల మీద, గోడ నీడన, సుందర్‌రాజు డ్యూటీ బట్టలతోనే కూర్చుని ఉన్నాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"లేపొద్దా బిడ్డా నన్ను!" అని ఎలిజబెత్ మీద అరిచాను.

"లేపుదామనే పోయినమ్మా. ఈయననే వద్దన్నడు."

సుందర్‌రాజు నవ్వాడు. "రెండేండ్ల సంది నిద్ర లేదంటివి గద. మంచిగ గుర్క వెడుతున్నవు, ఎట్ల లేపుతం? ఇప్పుడు లేస్తది, ఇప్పుడు లేస్తది అన్కుంట కూసున్న. ముందటి గదిల పండుకున్న గని కన్నంటుకోలే."

ఎలిజబెత్ తల వంచుకుంది. "ఇయ్యాలనే అమ్మా, శ్రీధర్ సారు బస్సెక్కేది."

నిలువునా నీరైపోయాను. నల్లగుడ్డ అపశకునమని ఎగిరిపడ్డాను. ఆ ఇంటికి అసలు అపశకునం నేనే అయ్యాను. ఏడుపు తన్నుకొచ్చింది. ఏడిస్తే అతని నిద్రలో ఇంకో పది నిమిషాలు తగ్గుతాయని ఆపుకున్నాను.

"లోపలికి నడువు. అయిదింటిదాంక ఈ గల్లీల చీమ చిటుక్కుమనది. నాది పూచీ!"

"అమ్మా, మరి గుడ్డ..." అంది ఎలిజబెత్.

"గుడ్డ జోలికి పోతే చేతులు ఇరగ్గొడ్త!"

కిందికి దిగేసరికి మా ఆయన తక్కెడ పక్కన మీసాల్లో నవ్వుకుంటున్నాడు. "ఏమే, నలభై ఏండ్ల నిద్ర తీరిందా?" అన్నాడు. జవాబు చెప్పే తీరిక నాకెక్కడిది? రేడియో కట్టేయించాను. చప్పుడు చేయొద్దని చెప్పి, కుర్చీ, చేతికర్ర తీసుకుని గల్లీ మొదట్లో కూర్చున్నాను.

ముందు ఉల్లిగడ్డల ఆటో మైకు మోగించుకుంటూ వచ్చింది. కర్ర అడ్డం పెట్టాను. "మైకు బంద్ చెయ్."

"మైకు లేకుంటే ఎట్ల అమ్ముడువోతయమ్మా?"

"నేనమ్మిపిస్త." ఇల్లిల్లూ తిరిగి, సైగ చేసి ఆడవాళ్లను పిలుచుకొచ్చాను. పాత ఇనుప సామాన్ల వాణ్ని మలుపులోంచే తిప్పి పంపాను. ఎంకమ్మ కేక వేయడానికి నోరు తెరిచిందో లేదో పెదవుల మీద వేలు పెట్టాను. దుర్గాదేవి సైగలతో మాట్లాడుతోందని గల్లీ అంతా గుమ్మాల్లోకి వచ్చి వేడుక చూసింది. చూస్తే చూడనీ. మూలగదిలో ఉండే బిహార్ కార్మికుడు బైకు మీద వస్తూ ఆగి, "క్యా హువా మాజీ? కోయీ బీమార్ హై క్యా?" అని, ఎవరికైనా జబ్బు చేసిందేమోనని అడిగాడు. "నై బేటా, డ్రైవర్ సోరా. రాత్‌కు డ్యూటీ హై" అన్నాను నాకొచ్చిన హిందీలో, డ్రైవరు పడుకున్నాడని. అతనూ షిఫ్టుల మనిషే. ఇంజన్ ఆపేసి, బండిని గల్లీ చివరిదాకా తోసుకుంటూ పోయాడు. ఆ పిల్లవాడికి చెయ్యెత్తి దండం పెట్టాలనిపించింది.

అయిదింటికి లేచిన సుందర్‌రాజు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఏడింటికి డ్యూటీకి దిగాడు. కళ్ల ఎరుపు తగ్గింది గానీ, నాలుగు గంటల నిద్ర ఏ మూలకు? అతను పోయాక ఎలిజబెత్ పైన మోకరించి ప్రార్థన చేసుకుంది. నేను కింద ఇంకో వత్తి వేసి, "స్వామీ, తప్పు నాది, శిక్ష అతనికి వేయకు" అని మొక్కుకున్నాను.

మర్నాడు ఎనిమిది కాకముందే దుకాణం మెట్ల మీద ఇద్దరం నిలబడ్డాం. సుందర్‌రాజు గల్లీ మలుపు తిరిగాడు. మెల్లగా వస్తున్నాడు. ముఖం చూస్తే ఏమీ తెలియలేదు.

"ఏమాయె?" అన్నాను.

"ఏం జెప్పాలెనమ్మా. సారు పోంగ నా మొకమే సూస్కుంట కూసున్నడు. తెల్లారగట్ల తిరుగు ట్రిప్పు, గా టైముల్నే నిద్ర గుంజుతది..." ఆగాడు.

"కన్నంటుకున్నదా?"

"అంటుకున్నది. సారుకు."

"ఆఁ?"

"బండి గేర్ల పడ్డ పది నిమిషాలకే తల వాల్చిండు. అందర్ని దించి కంపెనీల ఆపినంక గూడ లేవలే. లేచి సిగ్గువడ్డడు. 'రాజూ, నిన్ను సూద్దామని ఎక్కినోన్ని నేనే బేఫికర్‌గ, భయం లేకుంట పండుకున్ననంటే ఇగ నిన్నేం అడగాలె? స్టీరింగు నీదే' అన్నడు."

ఎలిజబెత్ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మా ఆయన అప్పుడే డబ్బాలోంచి పిడికెడు చాక్లెట్లు తీసి, అందరినీ పిలవడానికి నోరు తెరిచాడు.

"ష్!" అన్నాను. "సంబురం పొద్దూకినంక చేసుకుందం. ఎండెక్కుతుంది. పో బిడ్డా, పోయి పండుకో."