పెరట్లో అత్తగారికి స్నానాల జాగా

మా అత్తగారు స్నానం ఎగ్గొట్టడం మొదలుపెట్టారు. అత్తిలి దగ్గర పల్లెలో డెబ్భై ఏళ్లు రెండు పూటలా నీళ్లు పోసుకున్న మనిషి. మోకాళ్లు పట్టేశాయని ఏలూరులో మా దగ్గరికి వచ్చాక మూడు రోజులకోసారి కూడా గగనమైపోయింది. అడిగితే ఒంట్లో నలత అంటారు, లేదంటే చలి అంటారు. మే నెలలో ఏలూరులో చలేమిటి?

ఆవిడ దగ్గర వచ్చే వాసన గురించి ఇంట్లో ఎవరం మాట ఎత్తేవాళ్లం కాదు. ఆవిడకీ తెలుసు. ఎవరైనా వస్తే చప్పుడు చేయకుండా లోపలి గదిలోకి వెళ్లిపోయేవారు. అది చూస్తే నా ప్రాణం చివుక్కుమనేది.

కారణం నేనే కనిపెట్టేశాను. కమోడు పక్కన స్నానం ఆవిడకి రోత. ఊళ్లో పెరట్లో దడి చాటున పోసుకోవడం అలవాటు కదా! పెరట్లో షవర్ పెడదాం, అదీ మన చేతుల్తోనే, అని ఒక ఆదివారం పొద్దున్నే మావారికి ప్రకటించాను. నాకో ఆలోచన వచ్చిందంటే పక్కవాళ్ల తల ప్రాణం తోకకి రావాల్సిందే.

మా బోరు నీళ్లు ఉప్పన. షవర్ చిల్లులు నెల తిరక్కుండా పూడుకుపోతాయి. కాబట్టి మునిసిపాలిటీ నీళ్లకి మేడ మీద వేరే చిన్న ట్యాంకు. నల్లదైతే ఎండకి నీళ్లు వాటంతటవే కాగుతాయి. వాడిన నీళ్లు అరటి పాదుల్లోకి పోతాయి. పక్కవాళ్ల మేడ కిటికీ వైపు ఎత్తుగా తాటాకు దడి కడతాం. ముగ్గుపిండి తెచ్చి పెరట్లో నేల మీద మూడడుగుల చదరం గీశాను. అటూ ఇటూ చెయ్యి చాపితే పట్టుకోవడానికి పైపులు, లోపల గడియ, సబ్బుపెట్టెకి మేకు ఎక్కడ కొట్టాలో కూడా గుర్తు పెట్టాను.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం," అన్నారు మావారు.

"మీరు పైపు తేవడానికి వెళ్తారా లేదా అండీ?" అన్నాను.

ఆయన బజారుకి వెళ్లాక అత్తగారిని తీసుకొచ్చి గీతల మధ్య పీట వేసి కూచోబెట్టాను. ఆవిడ అటూ ఇటూ చేతులు చాపి చూశారు. వెనక్కి తిరిగి చూశారు.

"మరి నువ్వెక్కడ నుంచుంటావమ్మాయ్?"

"నేనెందుకండీ? ఎవరి సాయం లేకుండా మీరొక్కరే హాయిగా పోసుకోవచ్చు."

ఆవిడ తల దించుకున్నారు. "వీపెవరు రుద్దుతారమ్మా?" అన్నారు. "నలభై ఏళ్లు నా వీపు మా తోటికోడలు రుద్దింది, దాని వీపు నేను రుద్దాను. అది పోయాక స్నానం చేసినట్టే ఉండటం లేదు. చెయ్యి అందదు. ఉద్యోగం చేసుకునేదానివి, నిన్నెలా అడగనూ?"

నాకు సిగ్గేసింది. ఆవిడకి మనిషి కావాలి. నేనేమో ఇంకో మనిషి పట్టకుండా కొలిచి మరీ గీశాను. పెళ్లై ఇరవై రెండేళ్లుగా ఆవిడ కోడలిని, ఇంతకాలం ఒక్కసారైనా ఏం కావాలని అడగలేదేం?

దండెం మీద రెండు పాత చీరలు అడ్డంగా వేశాను. బకెట్టుతో నీళ్లు, బీరపీచు తెచ్చాను. ఆవిడ లంగా గుండెల మీదకి కట్టుకుని కూచున్నారు. నాలుగు చెంబులు పోసి రుద్దడం మొదలుపెట్టాను. నొప్పి పుడుతుందేమోనని మెల్లగా రుద్దుతుంటే, "అన్నం తినలేదా ఏంటి? గట్టిగా రుద్దు," అని కసిరారు. ఆవిడ నన్ను కసరడం అదే మొదటిసారి. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

అయ్యాక తువ్వాలు చుట్టుకుని, దండెం రాట పట్టుకుని లేచారు. పీట కాలితో నా వైపు జరిపారు.

"ఊఁ, ఇప్పుడు నువ్వు కూచో."

వద్దండీ అనబోయాను. మా అమ్మ పోయాక నా వీపు రుద్దినవాళ్లు లేరని అప్పుడు గుర్తొచ్చింది. తడిసిన చీరతోనే కూచున్నాను.